జింకల విజిల్: గుంతకల్లు, చిప్పగిరి రోడ్డు మీద వాడి చూశాక

రేటింగు: 5కి 1

బండికి అంటిస్తే జింకలు రోడ్డుకు అడ్డం రావని చెప్పి అమ్ముతున్న ఈ విజిల్‌ను నమ్ముకుని ఎవరూ రాత్రిపూట స్పీడు పెంచొద్దు. ఆ మాట గట్టిగా చెప్పాలనే ఈ రివ్యూ రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే వస్తువు ఆన్‌లైన్‌లో రకరకాల పేర్లతో, రకరకాల డబ్బాల్లో దొరుకుతోంది. దేన్ని తెప్పించుకున్నా లోపల ఉండేది దాదాపు ఒకటే.

నేను అనంతపురం జిల్లా గుంతకల్లులో ఉంటాను. చిప్పగిరి దాటాక లోపలికి ఉన్న ఒక ఊరి హైస్కూల్లో బయాలజీ చెప్తాను. రాకపోకలన్నీ స్కూటర్ మీదే. పొద్దున వెళ్ళేటప్పుడు బాగా వెలుతురు ఉంటుంది. సాయంత్రం పదో తరగతి పిల్లలకు స్టడీ అవర్ అయ్యి నేను బయలుదేరేసరికి సందె వాలిపోతుంది. జింకలు బాగా తిరిగేది సరిగ్గా అప్పుడే.

ఈ రోడ్డు ఎరగనివాళ్ళ కోసం రెండు మాటలు. రెండు పక్కలా నల్లరేగడి. పత్తి, జొన్న, మిరప, చలికాలం వస్తే పప్పుశనగ. కనుచూపు మేర చదును నేల, అక్కడక్కడ తుమ్మచెట్లు. కృష్ణజింకకు కావలసింది ఇలాంటి నేలే. అది చిక్కటి అడవిలో దాక్కుని బతికే జంతువు కాదు. దానికి దూరం కనబడాలి, పరిగెత్తడానికి జాగా ఉండాలి. అందుకే ఇటు ఆలూరు, ఆస్పరి, పత్తికొండ వైపూ, అటు విడపనకల్లు, ఉరవకొండ వైపూ పొలాల్లో మందలు మందలుగా కనబడతాయి. మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు అదే. కానీ మా పిల్లలు దాన్ని చూసేది పాఠం పుస్తకంలో కాదు, మిరప తోటలో.

ఇక వస్తువు సంగతి. డబ్బాలో రెండు నల్ల ప్లాస్టిక్ ముక్కలు ఉంటాయి. ఒక్కొక్కటి చిటికెన వేలంత ఉంటుంది. ముందువైపు వెడల్పు నోరు, వెనకవైపు సన్నటి రంధ్రం. అడుగున రెండు వైపులా అంటుకునే టేపు. బ్యాటరీ లేదు, వైరు లేదు. బండి పోతుంటే ఎదురుగాలి నోట్లోంచి దూరి వెనక నుంచి బయటికి పోతూ శబ్దం చేస్తుంది. ఆ శబ్దం మనుషులకు వినబడదు, జింకలకు మాత్రం వినబడి అవి ఆగిపోతాయి అని డబ్బా మీద రాసి ఉంది. పక్కనే కొమ్మలు కొమ్మలుగా చీలిన కొమ్ములతో ఒక పెద్ద దుప్పి బొమ్మ. మా ఆయనే ఆర్డర్ పెట్టారు. మా స్కూలు మాస్టారు ఒకరికి రోడ్డు మీద జరిగిన యాక్సిడెంట్ తర్వాత నేను సాయంత్రం ఇంటికి చేరేదాకా ఆయనకు ఒకటే టెన్షన్. ఆ యాక్సిడెంట్ గురించి ముందు ముందు చెప్తాను.

ఒక విజిల్‌ను కారు బంపర్‌కు, ఒకటి నా స్కూటర్ ముందు డూమ్‌కు అంటించాం. టేపు గట్టిగానే ఉంది. ఎండకూ వానకూ ఊడలేదు, ఆ మార్కు ఇవ్వాలి. కానీ మా రోడ్డు దుమ్ము సంగతి వేరు. పత్తి లారీలు, ఇసుక ట్రాక్టర్లు పోయాక ఎగిరే దుమ్మూ, సాయంత్రం వాలే పురుగులూ ఆ సన్నటి రంధ్రంలో ఇరుక్కుంటాయి. ఒకసారి తీసి చూస్తే లోపల మట్టి గట్టిపడి ఉంది. గాలి దూరే దారే లేదు. గుండుసూది పెట్టి శుభ్రం చేసుకోవాలి. ఈ సంగతి డబ్బా మీద ఎక్కడా లేదు.

అంతకంటే పెద్ద లోపం ఇంకొకటుంది. విజిల్ మోగాలంటే బండి గంటకు దాదాపు 50 కిలోమీటర్ల వేగం దాటాలి. ఇది నేను కనిపెట్టింది కాదు, చిన్న అక్షరాల్లో డబ్బా మీదే ఉంది. సందెవేళ గుంతలు చూసుకుంటూ నా స్కూటర్ నడిచేది 40 లోపే. అంటే నాకు అది అవసరమైన వేళలోనే మోగదు. అది మోగాలంటే నేను స్పీడు పెంచాలి. జింకలు తిరిగే రోడ్డు మీద ఏ పని చేయకూడదో ఆ పని చేస్తేనే పనిచేసే వస్తువు ఇది. నాకు కోపం వచ్చింది ఇక్కడే. మా స్కూల్లో చదువు ముగించుకుని పోయిన మగపిల్లలు చాలామందికి బైకులున్నాయి. వాళ్ళ చేతికి ఇది దొరికితే '60లో పోతే విజిల్ మోగుతుందంట' అనుకుని పోతారు.

అసలు మోగుతుందా అని కూడా చూశాం. మా స్కూలు ఉన్న ఊళ్ళో పంచర్ షాపు అన్నను అడిగి కంప్రెసర్ గాలి పట్టించాను. నాకు గాలి బుస్సుమనడం తప్ప ఇంకేమీ వినబడలేదు. పక్కనే నిలబడ్డ తొమ్మిదో తరగతి పిల్ల మాత్రం చెవులు మూసుకుని "కీచుమంటాంది మేడం" అంది. వయసు పెరిగేకొద్దీ మన చెవికి కీచుమనే సన్నటి శబ్దాలు అందవు. పిల్లలకు దాదాపు 20 వేల హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) దాకా వినబడతాయి, నడివయసు వాళ్ళకు అంత అందవు. మర్నాడు క్లాసులో ఇదే పాఠం చెప్పాను. కాబట్టి ఈ విజిల్ అసలు మోగదు అని నేను అనడం లేదు. గాలి సరిగా కొడితే మోగుతుంది. మోగినందువల్ల జింక ఆగుతుందా అన్నదే ప్రశ్న.

దానికి కూడా ఒక పరీక్ష పెట్టాం. ఒక ఆదివారం పొద్దున్నే మా ఆయన కారు తీశారు. రోడ్డుకు కొంచెం దూరంలో, శనగ చేను గట్టు మీద ఒక మంద మేస్తోంది. నేను కిందికి దిగి తుమ్మచెట్టు పక్కన నిలబడి చూస్తున్నాను. ఆయన మొదట విజిల్ నోటికి టేపు అతికించి 60లో పోయారు. మళ్ళీ టేపు తీసేసి అదే స్పీడులో పోయారు. అలా మార్చి మార్చి చేశాం. ప్రతిసారీ అవి చేసింది ఒకటే. కారు దగ్గరికి వచ్చినప్పుడు రెండు మూడు తలలెత్తి చూశాయి, తర్వాత మళ్ళీ మేతలో పడ్డాయి. టేపు ఉన్నప్పుడూ అంతే, తీసినప్పుడూ అంతే. అవి తలెత్తింది టైర్ల మోతకూ ఇంజిన్ చప్పుడుకూ. మాది ల్యాబులో చేసిన ప్రయోగం కాదని నాకు తెలుసు. కానీ అమెరికాలో జార్జియా యూనివర్సిటీ వాళ్ళు పద్ధతిగానే చేశారు. కారుకు శబ్దాలు చేసే పరికరాలు బిగించి, బొంగురు శబ్దం నుంచి మన చెవికి అందని సన్నటి శబ్దం దాకా రకరకాలుగా వినిపిస్తూ, రోడ్డు పక్కన ఉన్న తెల్లతోక దుప్పులు ఏం చేస్తాయో గమనించారు. 2009లో ఫలితాలు అచ్చయ్యాయి. ప్రమాదం తప్పేలా వాటి ప్రవర్తన మార్చిన శబ్దం ఒక్కటీ లేదు.

ఎందుకు మారదో ఆలోచిస్తే అర్థమవుతుంది. జంతువుకు ఒక శబ్దం వినబడగానే అది ప్రమాదమని తెలిసిపోదు. ఒక శబ్దానికీ ఒక ప్రమాదానికీ లంకె తెలియాలి. కుక్క మొరుగుడు అంటే ఏమిటో మా చుట్టుపక్కల జింకలకు తెలుసు. టపాకాయ చప్పుడు తెలుసు. కళ్ళం కాపలా ఉన్న రైతు డబ్బా వాయిస్తే తెలుసు. ఎక్కడి నుంచో వచ్చే సన్నటి కీచుకు వాటి బతుకులో ఏ అర్థమూ లేదు. పైగా అంత సన్నటి శబ్దం గాలిలో ఎక్కువ దూరం పోదు, తొందరగా సన్నగిల్లుతుంది. బండి మీదికొచ్చేదాకా అందకపోతే, అందినా లాభమేముంది?

డబ్బా మీది బొమ్మ దగ్గరికి మళ్ళీ వస్తాను. ఆ బొమ్మలోది అమెరికా దుప్పి. దాని కొమ్ములు ఏటా రాలి మళ్ళీ మొలుస్తాయి. వాటికి ఎదకాలం చలికి ముందు వస్తుంది, అక్కడ చాలా చోట్ల నవంబరులో జోరుగా ఉంటుంది. అక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దుప్పులతో రోడ్డు ప్రమాదాలు పెరుగుతాయి, ఆ నెలల్లో డ్రైవర్లను హెచ్చరిస్తారు. ఈ వస్తువు పుట్టింది ఆ రోడ్ల కోసం, ఆ జంతువు కోసం. మన కృష్ణజింక కొమ్ములు మెలికలు తిరిగి ఉంటాయి, చీలవు, రాలవు. దాని ఎదకాలమూ వేరు. ఏడాది పొడుగునా జత కడతాయి గానీ రెండు కాలాల్లో జోరు ఎక్కువ: మార్చి నుంచి మే దాకా ఒకటి, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఇంకొకటి. డబ్బాతో పాటు వచ్చిన కాగితంలో 'నవంబరులో జాగ్రత్త' అని ఉంది. దాన్ని చదివి మా వైపు వాళ్ళు ఆగస్టులో నిశ్చింతగా ఉంటే ఎట్లా?

ఈ రెండు కాలాలూ మా రోడ్డుకు రెండు రకాల గండాలు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో జొన్న మనిషెత్తు ఉంటుంది, పత్తి నడుము దాకా ఉంటుంది. చేను సరిగ్గా తారు అంచు దాకా వచ్చేస్తుంది. లోపల మంద ఉన్నా బయటికి ఏమీ తెలియదు. చేలోంచి దూకిన క్షణంలోనే అది కనబడుతుంది. మార్చి నుంచి మే దాకా చేలు ఖాళీ, దూరం బాగా కనబడుతుంది. కానీ అప్పుడు నీళ్ళు ఉండవు. కుంటలు ఎండిపోతాయి. కాలువలో ఎక్కడో మిగిలిన నీళ్ళ కోసం మందలు రోడ్డు దాటి అటూ ఇటూ తిరుగుతాయి, ముఖ్యంగా పొద్దు కుంకే ముందు. దానికి ఎద తోడైతే ఇంక చెప్పనక్కర్లేదు.

ఎదకొచ్చినప్పుడు ఏం జరుగుతుందో తెలిస్తే రోడ్డు మీద కనబడేది అర్థమవుతుంది. ముదిరిన పోతు ఒళ్ళు పైన ముదురు గోధుమ నుంచి నల్లటి నలుపుకు తిరుగుతుంది. కళ్ళ చుట్టూ, పొట్ట కింద మాత్రం తెలుపు. ఆడవి, పిల్లలు గోధుమ రంగులోనే ఉంటాయి. ఆ నల్ల పోతు కొంత నేలను తనదిగా పట్టుకుంటుంది. అక్కడే ఒకచోట పెంటికలు వేసి పోగు పెడుతుంది. ఆ నేలలోకి ఆడవి మేస్తూ వస్తే తల వెనక్కి వాల్చి, ముట్టె పైకెత్తి, చెవులు దించి గుర్రుమంటూ వాటి చుట్టూ తిరుగుతుంది. వేరే పోతు అడుగు పెడితే తరిమికొడుతుంది. పడుచు పోతులన్నీ వేరే గుంపుగా తిరుగుతుంటాయి, వాటిని కూడా పొమ్మని తరుముతుంది. ఆ తరుముడులో ముందుది రోడ్డు చూడదు, వెనకది అసలే చూడదు. ఈ జంతువు గంటకు 80 కిలోమీటర్ల వేగం అందుకోగలదు. ఆ వేగంలో మామూలు రెండు లైన్ల తారు రోడ్డు దాటడానికి దానికి అర సెకను కూడా పట్టదు. మనం బ్రేకు మీదికి చెయ్యి తీసుకెళ్ళే లోపే అది మన ముందు ఉంటుంది.

మా స్కూలు తెలుగు మాస్టారికి జరిగింది అదే. ఆయన బైకు మీద చాలా జాగ్రత్తగా పోయే మనిషి. ఆ సాయంత్రం ముందర కొన్ని ఆడ జింకలు దాటుతుంటే చూసి ఆగారు. అవి దాటిపోయాక బండి కదిలించారు. అంతలో కుడివైపు జొన్న చేలోంచి ఒక పడుచు పోతు, దాని వెనకే నల్ల పోతు. ముందుది ఆయన ముందు చక్రానికి కొట్టుకుంది. మాస్టారు ఎగిరి పడ్డారు. హెల్మెట్ ఉంది కాబట్టి తలకు ఏమీ కాలేదు, గూడ ఎముక విరిగింది. నెలల తరబడి ఎడమ చెయ్యి పైకి లేవలేదు. బోర్డు మీద రాసే చెయ్యి బాగుంది కదా అని ఆయనే మమ్మల్ని ఓదార్చేవారు. ఆ జింక రోడ్డు పక్కనే కాసేపు కొట్టుకుని చనిపోయింది. అది ఆయనను గూడ కంటే ఎక్కువ బాధపెట్టింది.

ఆ రోజు దారిన పోయే రైతు ఒకాయన మాస్టారిని లేపి కూర్చోబెట్టి 108కి ఫోన్ చేశారు. తర్వాత ఆయన అన్న మాట నేను ఇప్పటికీ స్టాఫ్ రూములో కొత్తగా వచ్చిన టీచర్లందరికీ చెప్తుంటాను: "ఒగటి దాటిందంటే ఎనక ఇంగోటి ఉంటాది సారూ, అది పొయ్యేదాకా నిలబడల్ల." ఈ విజిల్‌కు పెట్టిన డబ్బులో ఒక్క రూపాయి కూడా ఖర్చు లేకుండా దొరికిన సలహా అది. దానికంటే మంచిది నాకు ఎక్కడా దొరకలేదు.

రైతుల మాట వచ్చింది కాబట్టి ఇంకొక విషయం. మా వైపు రైతులకు జింకలంటే కడుపుమంట ఉంది, అది అన్యాయమేమీ కాదు. శనగ మొలక రాగానే ఒక్క రాత్రిలో చేనంతా మేసి పోతాయి. రెండోసారి విత్తనం కొనాలి. జింకల కోసం ఒక పార్కు పెట్టండి, కంచెలు వేయండి అని ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నారు. అప్పటిదాకా చేను చుట్టూ పాత చీరలు కడతారు, రాత్రంతా మంచె మీద కాపలా ఉంటారు, టపాకాయలు పేలుస్తారు. చీర కట్టిన చేనును మంద తప్పించుకుని పక్కకు తిరుగుతుంది, ఆ పక్కన ఉండేది చాలాసార్లు రోడ్డే. టపాకాయ పేలితే బెదిరి రోడ్డు మీదికే పరిగెత్తుతుంది. కాబట్టి సందెవేళ ఎక్కడైనా టపాకాయ చప్పుడు, డబ్బా చప్పుడు, కుక్కల అరుపు వినబడితే నేను వెంటనే స్పీడు బాగా తగ్గించేస్తాను. రోడ్డు వెంట వరుసగా రంగు రంగుల చీరలు కట్టి ఉండి, మధ్యలో ఒకచోట ఖాళీ కనబడితే, మంద దాటేది ఆ ఖాళీలోంచే. ఇది నేను ఈ రోడ్డు మీద గమనిస్తూ నేర్చుకున్నది.

విజిల్ బదులు దేనికి డబ్బు పెట్టాలి అంటే నా జవాబు హెడ్‌లైటు. నా స్కూటర్ లైటు పైకి కొడుతూ ఎదుటివాళ్ళ కళ్ళలో పడేది, రోడ్డు మీద పడేది కాదు. గుంతకల్లులో మెకానిక్ దగ్గర స్క్రూ తిప్పించి కిందికి దింపించాను, అద్దం మసక తుడిపించాను, పాత బల్బు మార్పించాను. అంతా కలిపి ఈ విజిల్ ధర కంటే తక్కువైంది. ఇప్పుడు రోడ్డు అంచూ, దాని పక్కన గడ్డీ కనబడుతున్నాయి. జింక కళ్ళు లైటు పడితే మెరుస్తాయి. చేను అంచులో రెండు చుక్కలు మెరిశాయంటే అక్కడ జింక ఉన్నట్టే, వెనక ఇంకొన్ని ఉన్నట్టే. హైబీమ్ అలాగే కొడుతూ పోతే వాటి కళ్ళు చెదిరి నడిరోడ్డు మీద నిలబడిపోతాయి. డిమ్ చేసి, హారన్ ఆపి ఆపి కొడితే కదులుతాయి.

స్పీడు లెక్క పిల్లలకు చెప్పినట్టే చెప్తాను. 60లో పోయే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. మనకు కనబడి, బుర్రకెక్కి, చెయ్యి బ్రేకు నొక్కేసరికి ఒక సెకను అయిపోతుంది. ఆ తర్వాత బండి ఆగడానికి ఇంకో 20 మీటర్లు. 40లో పోతే ఆ మొదటి సెకనులో 11 మీటర్లే, ఆగడానికి ఇంకో 9, 10 మీటర్లు. మామూలు స్కూటర్ లైటుకు జింక స్పష్టంగా కనబడే దూరం ఎంతో మీరే మీ రోడ్డు మీద చూసుకోండి. తడిసిన నల్లరేగడి మట్టి తారు మీద పడి ఉంటే ఈ లెక్కలేవీ నిలవవు.

అడ్డం వచ్చినా హ్యాండిల్ పక్కకు తిప్పొద్దు. మా రోడ్డు సన్నం. పక్కకు తిప్పితే ఎదురుగా ట్రాక్టర్ ఉంటుంది, లేదా కిందికి దిగితే రేగడిలో చక్రం జారుతుంది. నిటారుగా పట్టుకుని బ్రేకులు రెండూ కలిపి నొక్కడమే. వెనక ఎవరినైనా కూర్చోబెట్టుకుంటే వాళ్ళకూ హెల్మెట్ ఉండాలి. ఈ మాట మా స్టాఫ్‌లో ఎవరికి చెప్పినా 'పక్క ఊరికే కదా మేడం' అంటారు. మాస్టారు పడింది పక్క ఊరి రోడ్డు మీదే.

జింక దెబ్బ తిన్నా, చనిపోయినా ముట్టుకోకుండా అటవీ శాఖ వాళ్ళకు చెప్పాలి. కృష్ణజింక 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్లో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జంతువుల జాబితాలో, ఉంది. వేటాడినవాళ్ళకు మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ దాకా జైలు. యాక్సిడెంటు వేట కాదు, భయపడి పారిపోవద్దు. కానీ చచ్చిన జింకను బండిలో వేసుకుని పోయినా, మాంసం పంచుకున్నా కేసు పెడతారు, చచ్చినా అది ప్రభుత్వ ఆస్తే. మాస్టారి యాక్సిడెంటు దగ్గరికి గోనెసంచి పట్టుకుని వచ్చినవాళ్ళూ ఉన్నారు. అటవీ సిబ్బంది వచ్చి పంచనామా చేసి పూడ్చిపెట్టేదాకా ఆ రైతు అక్కడే కాపలా నిలబడ్డారు. ఇన్సూరెన్స్ సంగతి: థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే జంతువు తగిలి పాడైన బండికి ఏమీ రాదు. కాంప్రహెన్సివ్ ఉంటే క్లెయిమ్ చేసుకోవచ్చు.

కారు ఉన్నవాళ్ళు, ముఖ్యంగా కార్తీకంలో శ్రీశైలం పోయేవాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఆత్మకూరు నుంచి దోర్నాల దాకా నల్లమలలో ఉండేది కృష్ణజింక కాదు. అక్కడ చుక్కల దుప్పి, కణితి (సాంబార్ అనే పెద్ద జింక) ఉంటాయి. లంకమల పక్కన సిద్ధవటం, బద్వేలు వైపు రోడ్డు మీదా ఇవే. కణితి మగది రెండు క్వింటాళ్ళకు పైగా తూగుతుంది, కాళ్ళు పొడుగు. కారు తగిలితే కాళ్ళ దగ్గర తగులుతుంది, ఒళ్ళంతా అద్దం మీద పడుతుంది. దాని ఎదకాలం ఎక్కువగా నవంబరు, డిసెంబరు నెలల్లో. అంటే కార్తీకమాసం రద్దీ, కణితి తరుముడు ఒకేసారి వస్తాయి. పులుల అభయారణ్యం లోపలి రోడ్డు మీద రాత్రి బండ్లను గేటు దగ్గర ఆపేస్తే చాలామంది చెక్‌పోస్టు సిబ్బందితో గొడవకు దిగుతారు. ఆ ఆపడం జంతువులకే కాదు, మనకూ మేలే. తెల్లారేదాకా ఆగి పోతే స్వామి ఎక్కడికీ పోడు.

అమ్మకం పేజీలో 'అద్భుతంగా పనిచేస్తోంది, ఒక్క జింకా రాలేదు' అని 5 చుక్కల రివ్యూలు చాలా ఉన్నాయి. రాసినవాళ్ళను తప్పు పట్టను. రోజూ పోయే రోడ్డు మీద కూడా చాలా రోజులు ఏ జింకా అడ్డం రాదు, విజిల్ ఉన్నా లేకపోయినా. అంటించిన తర్వాత రాలేదు కాబట్టి విజిల్ వల్లే రాలేదనుకుంటే ఎట్లా? అంటించని బండి కూడా అదే రోడ్డు మీద అన్ని రోజులూ పోయి ఉండాలి, రెండూ పోల్చి చూడాలి. పోలిక లేని ప్రయోగం ప్రయోగం కాదని ఏడో తరగతి నుంచే చెప్తున్నాం.

ఆ 1 చుక్క టేపుకు ఇచ్చాను. అమ్మినవాళ్ళకు రెండు మాటలు రాసి పంపాను: 50 దాటితేనే మోగుతుందన్న మాటను పెద్ద అక్షరాల్లో ముందువైపు వేయండి, కృష్ణజింకల మీద పరీక్షించి ఉంటే ఆ వివరం చెప్పండి, లేకపోతే మన జింకల పేరు చెప్పి అమ్మొద్దు అని. 'మీ అభిప్రాయానికి ధన్యవాదాలు' అని జవాబు వచ్చింది. పేజీ మారలేదు.

ఇప్పటికే తెప్పించుకుని ఉంటే వెనక ఉన్న టేపు కాగితం మాత్రం పీకొద్దు. ఒకసారి బండికి అంటిస్తే వాపసు తీసుకోరు. అంటించకపోతే రిటర్న్ గడువు లోపల పెట్టేయొచ్చు, డబ్బు వెనక్కి వస్తుంది. మా కారుది ఊడదీసేశాం. స్కూటర్‌ది నా బయాలజీ ల్యాబులో ఉంది, ధ్వని పాఠం చెప్పేటప్పుడు ఫిజిక్స్ సారు తీసుకుని వాడుకుంటున్నారు.